షుగర్ ఉన్న పాస్టరు గారు నలభై రోజుల ఉపవాసం అంటున్నారు, ఎలా ఒప్పించాలి?

పాస్టరుగారబ్బాయి | ఆదివారం రాత్రి 10:52

అందరికీ వందనాలు. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మా నాన్నగారు భీమవరం దగ్గర పల్లెలో కాపరి. ఏ మిషనుకూ చెందని స్వతంత్ర సంఘం, నలభై ఐదు కుటుంబాలు ఉంటాయి. ఆయన వయసు 58. షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు, బీపీ వచ్చి నాలుగేళ్లు. పోయిన నెల హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 9.4 వచ్చింది. ఈ బుధవారం నుంచి నలభై దినాల ఉపవాస ప్రార్థనలు మొదలు. ఆ రోజుల్లో నాన్న పగలంతా ఏమీ ముట్టుకోరు. సాయంత్రం కూటం అయ్యి, అందరినీ పంపించి, తొమ్మిదిన్నరకి అన్నం ముందు కూర్చుంటారు.

పోయిన ఏడాది ఇరవై రెండో రోజు వాక్యం చెబుతూ చెబుతూ చెమటలు పట్టాయి. మాట తడబడింది, చేతులు వణికాయి, పుల్పిట్ పట్టుకుని అలా కిందికి జారిపోయారు. సంఘంలో సగం మంది ఆత్మ బలంగా దిగివచ్చిందని చేతులెత్తి స్తుతించారు. మా అమ్మ ఒక్కతే ముందు వరుస నుంచి లేచి వెళ్లి గ్లూకోజ్ నీళ్లు పట్టించింది. తర్వాత తెలిసింది, పొద్దున మాత్ర వేసుకున్నారు, తిండి మాత్రం లేదు.

నేను హైదరాబాద్‌లో ఉంటాను. ఫోన్‌లో చెబితే "నువ్వు నాకు వాక్యం చెబుతావా" అంటారు. ఇలాంటిది మీ ఇళ్లలో ఎవరికైనా జరిగిందా? ఎలా ఒప్పించారు?

నర్సక్క_గుంటూరు | ఆదివారం రాత్రి 11:20

తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు. నాన్నగారు వేసుకునే మాత్రల పేర్లేంటి? స్ట్రిప్ మీద చూసి రాయి. మిగతాది తర్వాత మాట్లాడదాం.

విశ్వాసవీరుడు | ఆదివారం రాత్రి 11:41

ప్రైజ్ ది లార్డ్ బ్రదర్. మీ నాన్నగారి విశ్వాసాన్ని బలహీనపరచకండి. మోషే నలభై దినాలు ఉన్నాడు, ఏలీయా ఉన్నాడు, ప్రభువే ఉన్నాడు. దైవజనుడు ఉపవాసం మానేస్తే మంద ఏం చేస్తుంది? ప్రార్థించండి, దేవుడే చూసుకుంటాడు. డాక్టర్ల మాట వింటే రోగాలు పెరుగుతాయి తప్ప తగ్గవు.

పాస్టరుగారబ్బాయి | సోమవారం ఉదయం 7:05

అక్కా, అమ్మని అడిగి రాస్తున్నా. గ్లిమిపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 1000 కలిసిన మాత్ర పొద్దున, రాత్రి. దాంతోపాటు డాపాగ్లిఫ్లోజిన్ 10 పొద్దున ఒకటి. బీపీకి టెల్మిసార్టాన్.

నర్సక్క_గుంటూరు | సోమవారం ఉదయం 7:48

అదీ సంగతి. నేను పదిహేడేళ్లుగా షుగర్ ఓపీలో పని చేస్తున్నాను. ఓపిగ్గా చదువు, అమ్మకి కూడా చదివి వినిపించు.

గ్లిమిపిరైడ్ ఒంట్లో ఇన్సులిన్‌ని బలవంతంగా విడుదల చేయిస్తుంది. నువ్వు తిన్నావా లేదా అని అది చూడదు. కడుపు ఖాళీగా ఉన్నా దాని పని అది చేస్తూనే ఉంటుంది, రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమట, వణుకు, మాట తడబాటు, కళ్లు మసకలు, ఊరికే చిరాకు, అన్నీ అదే. నాన్నగారికి ఆ రోజు జరిగింది నూటికి తొంభై తొమ్మిది పాళ్లు లో షుగరే. ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ రావచ్చు, కోమాలోకి వెళ్లొచ్చు. డాపాగ్లిఫ్లోజిన్‌ది ఇంకో రకం గొడవ. రోజంతా తిండీ నీళ్లూ లేకుండా అది వేసుకుంటే ఒళ్లు ఎండిపోతుంది, ఒక్కోసారి రక్తంలో ఆమ్లాలు పేరుకుంటాయి. అప్పుడు మీటర్‌లో షుగర్ మామూలుగానే కనిపించి మోసం చేస్తుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఇంత భయపడక్కర్లేదు.

అలాగని మాత్రలు మొత్తం ఆపేయకూడదు. 9.4 ఉన్న మనిషి నలభై రోజులు మందు ఆపితే మూడు వందలు, నాలుగు వందలు దాటిపోతుంది. ఏ మాత్ర తగ్గించాలి, ఏది సాయంత్రానికి మార్చాలి అన్నది డాక్టరే చెప్పాలి. నేనో, నువ్వో, వాట్సాప్ గ్రూపో కాదు.

మన వాళ్లకి తట్టని సంగతి ఒకటుంది. గుంటూరులో మా ఓపీకి రంజాన్‌కి నెల ముందు ముస్లిం పేషెంట్లు వరసగా వస్తారు. "రోజా ఉంటాను, మందులు ఎలా వేసుకోవాలి" అని అడుగుతారు. డాక్టర్లు మోతాదు మార్చి రాసిస్తారు. డెబ్బైకి దిగినా, మూడు వందలు దాటినా రోజా విడవమని చెబుతారు, వేలికి సూది గుచ్చి చూసుకుంటే రోజా పోదని కూడా చెబుతారు. దీనికి అంతర్జాతీయంగా మార్గదర్శకాలే ఉన్నాయి. పదిహేడేళ్లలో ఒక్క పాస్టరు గారు కూడా లెంటుకి, అంటే మన నలభై దినాల ఉపవాసాలకి, ముందు వచ్చి అలా అడగలేదు. పడిపోయాక ఆటోలో తీసుకొచ్చిన వాళ్లనే చూశాను.

కాబట్టి "ఉపవాసం మానెయ్ నాన్నా" అనకు. "ఉపవాసానికి ముందు డాక్టర్ దగ్గరికి ఒకసారి వెళ్దాం" అను. బుధవారం లోపలే.

రిటైర్డ్_అయ్యగారు | సోమవారం ఉదయం 9:30

బాబూ, నర్సమ్మ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో పాస్టరుగా ముప్పై నాలుగేళ్లు చేసి రిటైర్ అయ్యాను. ఎనిమిది పాస్టొరేట్లు తిరిగాను. నాకూ షుగరే, ఎడమ కాలి బొటనవేలు లేదు.

విశ్వాసవీరుడు గారూ, మీరు ఏలీయా పేరెత్తారు కనుక అడుగుతున్నా. ఆ నలభై దినాల నడకకి ముందు ఏం జరిగిందో ఆ అధ్యాయం పైనుంచి మళ్లీ చదవండి. యెజెబెలు రాణికి భయపడి అరణ్యంలోకి పారిపోయాడు, బదరీ చెట్టు కింద కూలబడి చచ్చిపోతానని ప్రార్థించాడు. దేవుడు ఆయనకి ప్రసంగం చెప్పలేదు, గద్దించనూ లేదు. ముందు నిద్రపోనిచ్చాడు. తర్వాత నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ల బుడ్డి పెట్టాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి కూడా దూత తట్టి లేపి తినమన్నాడు, నీ శక్తికి మించిన ప్రయాణం ఉందన్నాడు. ఆ తిండి బలంతోనే నలభై రోజులు నడిచాడు. పరలోకం నుంచి వచ్చిన మొదటి వైద్యం అన్నం, నిద్ర. మనం ఈ భాగం మీద ఉజ్జీవ కూటాల్లో గంటలు గంటలు చెప్పాం గానీ ఆ అప్పాన్ని మాత్రం దాటేశాం. నేనూ దాటేసినవాణ్ణే.

నా వేలు ఎలా పోయిందో కూడా చెబుతాను. క్రిస్మస్ నెల. డిసెంబరు 1 నుంచి సెమీ క్రిస్మస్‌లు, పదకొండు ఊళ్లు. కొత్త బూటు కరిచింది, పుండు పడింది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. షుగర్ ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గుతుందని, నొప్పి లేకపోవడమే ప్రమాదమని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన అయ్యాక మేజోడు తీస్తే వాసన వచ్చింది. సంఘం చాలా ప్రేమగా చూసుకుంది, ఆస్పత్రికి వంద మంది వచ్చారు. ఆ వంద మందిలో ఒక్కరైనా నవంబరులో "అయ్యగారూ, ఈ ఏడాది ఆరు ఊళ్లు చాలు" అని ఉంటే వేలు మిగిలేది.

నిజం_చెప్తా | సోమవారం ఉదయం 11:02

నాకర్థం కాదు. పాస్టర్లకి అంత కష్టం ఏముంటుందండీ? వారానికి ఒక రోజు పని. దశమ భాగాలు, ఇన్నోవాలు, ఫారిన్ ట్రిప్పులు, పుట్టినరోజుకి ఫ్లెక్సీలు. మా నాన్న రిక్షా తొక్కాడు, ఆయనకి ఎవరు చర్చ పెట్టారు?

పాస్టరుగారబ్బాయి | సోమవారం ఉదయం 11:40

అన్నా, మీ కోపం నాకు తెలుసు. ఆ ఫ్లెక్సీల వాళ్లు నాకూ నచ్చరు. మా నాన్న బండి టీవీఎస్ ఎక్సెల్, 2009ది. నిన్న కానుకల సంచిలో 2,840 వచ్చాయి. అందులో మైకు కరెంటు బిల్లు, పెట్రోలు పోగా మిగిలేది మీరే లెక్కేసుకోండి. రాష్ట్ర ప్రభుత్వం గతంలో నెలకి ఐదు వేలు గౌరవ వేతనం అన్నప్పుడు మా ఇంట్లో జరిగిన సంతోషం మీరు చూసి ఉంటే ఇన్నోవా మాట ఎత్తరు. ఒక్క రోజు పని అన్నారు, ఈ వారం నాన్న చేసింది: మూడు భూస్థాపనలు, ఒక నిశ్చితార్థం, మొగుడూపెళ్లాల గొడవ రెండు పంచాయితీలు, ఆస్పత్రిలో ఒకరి దగ్గర రాత్రంతా.

మందిరం_వెనకిల్లు | సోమవారం మధ్యాహ్నం 2:15

నేను పాస్టరు గారి భార్యని. పేరు చెప్పను, ఊరు కూడా. గోదావరి జిల్లాలు అనుకోండి చాలు.

మా ఇల్లు మందిరం వెనకే, గోడ ఒకటే. తలుపుకి గడియ ఉందన్న సంగతి సంఘానికి తెలియదు. రాత్రి పదకొండున్నరకి ఫోన్, "అయ్యగారూ, గేదె ఈనలేకపోతోంది, ప్రార్థన చెయ్యండి." చేశారు. గేదె ఈనింది కూడా. నవ్వుకున్నాం. కానీ మళ్లీ నిద్ర పట్టదుగా.

ఇంటింటికి వెళ్లి ప్రార్థన చేసేటప్పుడు ప్రతి ఇంట్లో టీ. వద్దంటే "మా ఇంట్లో తాగరా అయ్యగారూ" అంటారు, ఆ మాటలో ఏముందో మన వాళ్లందరికీ తెలుసు. కులం పేరుతో గ్లాసు వేరు పెట్టిన ఊళ్లలోంచి వచ్చిన సంఘాలు మనవి. ఆ గ్లాసు వద్దనడం ఎంత కష్టమో ఆయనకే తెలుసు. అందుకే తాగుతారు. రోజుకి ఎనిమిది, పది టీలు, ఒక్కో దాంట్లో రెండు చెంచాల పంచదార, పక్కన బిస్కెట్లు. షుగర్ రాక ఏమవుతుంది?

అసలు నేను రాయాలనుకున్నది ఇది కాదు.

రెండేళ్ల క్రితం మా ఆయన గడ్డం గీసుకోవడం మానేశారు. ఆదివారం మాత్రం గీసుకునేవారు. ప్రసంగం ఎప్పటిలాగే బాగా చెప్పేవారు, ఏడ్చేవాళ్లు ఏడ్చేవారు. ఇంటికి రాగానే చొక్కా కూడా విప్పకుండా మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేవారు, సోమవారం సాయంత్రం దాకా. మంగళవారం బండేసుకుని కాలవ గట్టుకి వెళ్లి రెండేసి గంటలు కూర్చునేవారు. చేపలు పడుతున్నారా అని ఎవరో వేళాకోళం ఆడారు. ఒక రాత్రి నాతో అన్నారు, "నేను చెప్పేది నాకే వినపడటం లేదే." నాకు కాళ్లు చల్లబడ్డాయి.

ఎవరికి చెప్పాలి? సంఘంలో చెబితే మరుసటి ఆదివారానికి "అయ్యగారికి పిచ్చి" అవుతుంది. పాస్టర్స్ ఫెలోషిప్‌లో చెబితే పక్క సంఘం వాళ్లకి తెలుస్తుంది, మన కుటుంబాలు రెండు అటు జారుకుంటాయి. మా అన్నయ్యకి చెబితే ఎవరో చేతబడి చేశారన్నాడు. ఒకాయన వచ్చి నూనె రాసి, నీలో రహస్య పాపం ఉందేమో ఒప్పుకో అన్నాడు. ఆ రోజు నుంచి ఇంకా ముడుచుకుపోయారు.

చివరికి నా గాజులు పెట్టి, కాకినాడలో అయితే ఎవరైనా చూస్తారని రాజమండ్రి తీసుకెళ్లాను, సైకియాట్రిస్ట్ దగ్గరికి. సంఘంలో కంటి డాక్టర్ అని చెప్పాం. ఆ అబద్ధానికి దేవుడు నన్ను క్షమిస్తాడనే అనుకుంటున్నా. డాక్టరు గారు హిందువు, చాలా మర్యాదస్థుడు. "పంతులు గారికి డిప్రెషన్ వస్తే భక్తి తగ్గినట్టు కాదమ్మా, మాకు జ్వరం వస్తే చదువు తగ్గినట్టా" అన్నాడు. మందు పనిచెయ్యడానికి మూడు వారాలు పట్టింది. రెండో నెల బాగుందని ఈయనే ఆపేశారు, మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు ఏడాదిగా ఆపకుండా వేసుకుంటున్నారు. పోయిన వారం తనంతట తనే "ఇవాళ పులస ఉందా" అని అడిగారు. అది సీజను కాదు. అయినా అడిగారుగా.

రిటైర్డ్_అయ్యగారు | సోమవారం మధ్యాహ్నం 3:00

అమ్మా, మీకు వందనం. ముప్పై నాలుగేళ్లలో మా ఆవిడ ఇలాంటివి ఎన్ని మింగిందో ఇప్పుడు అడగాలనిపిస్తోంది. అడుగుతాను.

మోడరేటర్ | సోమవారం సాయంత్రం 4:10

ఈ చర్చ చదువుతున్న వాళ్లలో ఎవరికైనా బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తుంటే, లేదా ఇంట్లో ఎవరినైనా అలా చూస్తుంటే, టెలీ మానస్ నంబరు 14416కి చేయండి. ప్రభుత్వానిది, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. మీరు పాస్టరా, సంఘం ఏదీ అని ఎవరూ అడగరు. మీ ఊళ్లో డాక్టర్ క్యూలో కనబడటానికి భయపడే వాళ్లకి ఇది మొదటి మెట్టు.

విశ్వాసవీరుడు గారూ, డాక్టర్ల దగ్గరికి వెళ్లవద్దని, మందులు ఆపమని ఇక్కడ రాయకూడదు. వేదిక నియమం అది. మీ మిగతా అభిప్రాయం ఉంచుతున్నాను.

విశ్వాసవీరుడు | సోమవారం సాయంత్రం 5:33

నేను మందులు ఆపమని చెప్పలేదు. ప్రార్థనకి మొదటి స్థానం ఇవ్వమన్నాను. ఇప్పుడు అందరూ నా మీద పడండి.

నర్సక్క_గుంటూరు | సోమవారం రాత్రి 9:15

ఎవరూ పడట్లేదు అన్నయ్యా. ఒక్క మాట. నేను చదువుకున్నది గుంటూరులో. 1883లో అమెరికా నుంచి అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ లూథరన్ మిషన్ తరఫున ఇక్కడికి వచ్చింది. ఆవిడ పేరుతో ఆస్పత్రి ఇప్పటికీ ఉంది. ఒంగోలులో బాప్టిస్టులు మిషనరీ క్లౌ గారి పేరుతో ఆస్పత్రి పెట్టారు. మదనపల్లె పక్కన క్షయ రోగులకి 1915లో శానిటోరియం కట్టి ఆ ఊరికే ఆరోగ్యవరం అని పేరు పెట్టారు. ప్రార్థన తెలియని వాళ్లా వాళ్లు? లూకా వైద్యుడేగా. పౌలు తిమోతికి ఉత్తరంలో కడుపు జబ్బు గురించి కూడా రాశాడు.

విశ్వాసవీరుడు | సోమవారం రాత్రి 10:02

సరే అక్కా. మా పాస్టరు గారికి కూడా బీపీ. నేను అడగలేదు ఎప్పుడూ. అడుగుతాను.

సంఘపెద్ద_నిజామాబాద్ | మంగళవారం ఉదయం 6:20

మా దగ్గర సంఘంలో నేను పెద్దని, లెక్కలు కూడా నేనే చూస్తాను. మూడేళ్ల కింద మా అయ్యగారికి గుండెల నొప్పి వచ్చింది, స్టెంట్ పడ్డది. అప్పుడు సిగ్గుపడి కొన్ని పనులు చేసినం. కొన్ని నడిచినయి, కొన్ని నడవలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తా.

సోమవారం సెలవు అని ఆదివారం ఆరాధనలో ప్రకటించినం. మొదటి సోమవారం పొద్దున ఏడింటికే ఫోన్ చేసింది ఎవరు? నేనే. స్లాబ్ పోసే మేస్త్రీ వచ్చిండని. ఇంకో పెద్దాయన నేరుగా ఇంటికే పోయిండు, "సెలవు కదా, ఖాళీగా ఉంటారని వచ్చిన" అన్నడు. నెల రోజులు ఇట్లనే. ఆఖరికి ఏం చేసినమంటే సోమవారం అయ్యగారి ఫోన్ మా కమిటీలో ఒకరి దగ్గర ఉంటది, వంతులు వేసుకున్నం. చావు, ఆస్పత్రి తప్ప ఏదైనా మంగళవారం చూద్దామని చెప్పుడే వాళ్ల పని. నా వంతు వచ్చిన రోజు నలభై ఒక్క ఫోన్లు వచ్చినయి. ఆ రోజు తెలిసింది నాకు ఆ మనిషి ఎట్ల బతుకుతున్నడో.

ఇంకో తమాషా. సెలవు దొరికినంక అయ్యగారికి ఏం చేయాలో తెలియలే. "ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుంది, ఎవరింటికైనా పోయి ప్రార్థన చేసి వస్తా" అన్నరు. ఇరవై ఏళ్లు పరుగెత్తిన మనిషి ఒక్కసారి ఆగితే అంతే. ఇప్పుడు సోమవారం కూరగాయల మడి చేసుకుంటరు. బెండకాయలు మా ఇంటికి కూడా వస్తయి.

పైసల సంగతి. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ ఉంది, తెలంగాణల పది లక్షల దాకా. మా అయ్యగారి కార్డు ఆయన సొంతూరిల ఉంది, పేరు తప్పు పడ్డది, ఎవరూ చూడలే. స్టెంట్ పడ్డ రోజు అది తెలిసింది. దయచేసి మీ అయ్యగారి కార్డు ఒకసారి చూడండి. బ్యాంకుల ప్రమాద బీమా సంవత్సరానికి 20 రూపాయలు, జీవిత బీమా 436, రెండింటికీ రెండేసి లక్షలు. జీవిత బీమాల చేరాలంటే యాభై ఏళ్లు దాటొద్దు, అందుకే చిన్న వయసు సేవకులకు ఇప్పుడే చేయించండి. ఫ్లెక్సీకి పెట్టే పైసల కంటే తక్కువ. క్రిస్మస్‌కి బట్టలు పెట్టుడు మంచిదే, దాంతోటి పాటు రక్త పరీక్షలు కూడా చేయిస్తున్నం ఇప్పుడు, అయ్యగారికి, అమ్మగారికి ఇద్దరికీ.

టీల సంగతి ఆ అక్క చెప్పింది చదివి మా ఆవిడకి చూపించిన. ఆదివారం స్త్రీల మైత్రిల మాట్లాడ్తదట.

నడవనిది ఏందంటే, రిటైర్ అయినంక ఇల్లు. క్వార్టర్ ఖాళీ చేసినంక ఎటు పోవాలె? ఎన్నిసార్లు కమిటీల పెట్టినా వాయిదానే. నాకే సమాధానం లేదు.

విచారణ_వాసి | మంగళవారం ఉదయం 8:45

మేము కథోలికులం, ఈ చర్చలో దూరొచ్చో లేదో తెలియదు. మాకు సెలవు చట్టంలోనే రాసి ఉంది. విచారణ గురువు (ఊరి చర్చి ఫాదర్) ఏడాదికి ఒక నెల దాకా సెలవు తీసుకోవచ్చని చర్చి ధర్మశాస్త్రం 533వ నిబంధన. ఏటా చేసే రిట్రీట్ (ఏకాంత ధ్యానం) రోజులు అందులో లెక్కకి రావు. అది విశ్రాంతి కాదు, అది వేరే బాధ్యత. చాలా మంది ఫాదర్లు ఆ నెల తల్లిదండ్రుల దగ్గరికి వెళ్తారు.

కానీ మా ఫాదర్లకి ఇంకో బాధ. మీ పాస్టరు గారు కింద పడితే అమ్మగారు చూసింది. మా ఫాదర్ గారు ఒంటరి. వంటమనిషి ఏడింటికి వెళ్లిపోతుంది. పోయిన ఆగస్టులో జ్వరంతో రెండు రోజులు గదిలోనే ఉన్నారు, పొద్దున పూజకి రాకపోతే గానీ ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు మేం నలుగురం రాత్రి తొమ్మిదింటికి వంతుల వారీగా ఊరికే ఫోన్ చేస్తాం. "తిన్నారా ఫాదర్" అంతే. మొదట విసుక్కునేవారు. ఇప్పుడు ఆలస్యమైతే ఆయనే చేసి "మర్చిపోయావా" అంటున్నారు.

డల్లాస్_తెలుగోడు | మంగళవారం ఉదయం 10:10

ఇక్కడి విషయం ఒకటి. డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు 2007లో నార్త్ కరోలినాలోని యునైటెడ్ మెథడిస్ట్ పాస్టర్ల ఆరోగ్యం మీద పెద్ద కార్యక్రమం మొదలుపెట్టారు. చూస్తే అదే రాష్ట్రంలోని మామూలు జనం కంటే పాస్టర్లలో ఊబకాయం, షుగర్, బీపీ ఎక్కువ. డిప్రెషన్ కూడా ఎక్కువే. జీతం, ఇన్సూరెన్స్, కారు అన్నీ ఉన్న పాస్టర్లు వీళ్లు. ఇది డబ్బు ఒక్కదానితో తీరేది కాదని నాకు అప్పుడే అనిపించింది. దేవుడు పిలిచిన పని అనుకున్నాక నా ఒళ్లు చూసుకోవడం స్వార్థం అనిపిస్తుంది, అక్కడే ఉంది కిటుకు.

ఇక మన తెలుగు సంఘాల తప్పు నేనే చెబుతా. ఇండియా నుంచి పాస్టరు గారిని పిలుస్తాం. నెల రోజుల్లో ఇరవై ఆరు కూటాలు పెడతాం, ఆరు ఊళ్లు తిప్పుతాం. రాత్రి పదింటికి ఒకరింట్లో బిర్యానీ, పన్నెండింటికి ఇంకొకరింట్లో ప్రార్థన. జెట్‌ల్యాగ్ తీరకముందే మైకు చేతికిస్తాం. పోయిన వేసవిలో ఒకాయన మా ఇంట్లో ఉన్నారు. మూడో రోజు గమనించా, ఇన్సులిన్ పెన్ను చెక్డ్ బ్యాగులోనే ఉండిపోయింది, ఫ్రిజ్ అడగటానికి మొహమాటం. సిగ్గేసింది నాకు.

రిటైర్డ్_అయ్యగారు | మంగళవారం ఉదయం 11:30

గొంతు సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతా. ఇరవై అడుగుల రేకుల షెడ్డులో రెండు పెద్ద స్పీకర్లు, ఎకో పూర్తిగా పెట్టి, దాని మీద అరుపు. మూడు గంటలు. సోమవారం గొంతు పోతుంది, మిరియాలు, పటిక బెల్లం నములుతారు, బుధవారం కూటంలో మళ్లీ అరుపు. నాకు తెలిసిన ఒక యువ సేవకుడికి స్వరపేటిక మీద కాయలు లేచాయి. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాలి. గొంతు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే మంచిదనుకుంటారు, అది ఇంకా ఒత్తిడి. పూర్తిగా మౌనంగా ఉండటమే మేలు. మౌనం మనవాళ్లకి ఉపవాసం కంటే కష్టం అనుకోండి.

ఇంకా నిర్గమకాండంలో మోషే మామ యిత్రో మాట ఉంది. మామగారు వచ్చి అల్లుణ్ణి పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూసి, ఇలా అయితే నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు, పనిని పంచు అన్నాడు. గమనించండి, ఆ మాట చెప్పింది సంఘంలోని మనిషి కాదు, బయటివాడు. పాస్టరుకి అలాంటి బయటి మనిషి ఒకడు కావాలి. పక్క జిల్లాలోనో, వేరే మిషనులోనో. మన సంఘం లెక్కలతో, మన విశ్వాసులతో సంబంధం లేనివాడు. నాకు ఒక లూథరన్ అయ్యగారు ఉండేవారు, నెలకి ఒకసారి నర్సరావుపేట బస్టాండు దగ్గర టీ తాగేవాళ్లం. ఎన్ని తిట్లు తిట్టుకున్నామో ఆయనకీ నాకూ దేవుడికే తెలుసు. ఆయన పోయాక ఆ ఖాళీ ఎవరూ నింపలేదు.

బాబూ, నీ ఇన్‌బాక్స్‌లో నా నంబరు పెట్టాను. మీ నాన్నగారితో నేను మాట్లాడతాను. కొడుకు చెబితే వాక్యం చెప్పినట్టుంటుంది. నేను చెబితే ముసలోడి చాదస్తం అనుకుని అయినా వింటారు.

నిజం_చెప్తా | మంగళవారం మధ్యాహ్నం 1:20

మొత్తం చదివాను. ఇన్నోవాల మాట వెనక్కి తీసుకోను, వాళ్ల గురించి అది నిజమే. కానీ మందిరం వెనకిల్లు అక్క రాసింది చదివాక మా వీధి పాస్టరు గారు గుర్తొచ్చారు. మా నాన్న పోయినప్పుడు, మేం సంఘానికి వెళ్లే వాళ్లం కాకపోయినా, వానలో వచ్చి గొయ్యి తవ్వేవాళ్ల దగ్గర నిలబడ్డాడు. ఆయన ఎలా ఉన్నాడో మళ్లీ కనుక్కోలేదు నేను.

పాస్టరుగారబ్బాయి | శుక్రవారం రాత్రి 9:58

ఆలస్యానికి క్షమించండి, మంగళవారం రాత్రి బస్సెక్కి ఊరొచ్చాను.

అయ్యగారు నాన్నతో గంటా పది నిమిషాలు మాట్లాడారు. ఏం మాట్లాడారో నాన్న చెప్పరు. మధ్యలో ఒకసారి గట్టిగా నవ్వారు, ఒకసారి చాలాసేపు మాట లేదు. ఫోన్ పెట్టేసి "ఆయనకి వేలు లేదంటరా" అన్నారు.

బుధవారం పొద్దున్నే భీమవరం తీసుకెళ్లాం. డాక్టరు గారిని నర్సక్క చెప్పినట్టే రంజాన్ పేషెంట్లకి రాసినట్టు రాయమని అడిగాను, ఆయన ఆశ్చర్యపోయి "పాస్టర్లు కూడా అడుగుతున్నారా" అన్నారు. పొద్దున గ్లిమిపిరైడ్ తీసేశారు, డాపాగ్లిఫ్లోజిన్ ఈ నలభై రోజులు ఆపమన్నారు, మెట్‌ఫార్మిన్ ఉంచారు. మొత్తం ఉపవాసం మాత్రం నీ షుగర్‌కి కుదరదన్నారు. బేరం కుదిరింది. మధ్యాహ్నం ఒంటిగంటకి మజ్జిగ, రెండు ఇడ్లీలు. నీళ్లు ఎప్పుడైనా. కూటం ఎనిమిదికల్లా ముగించాలి. దీనికి నాన్న ఒప్పుకున్న కారణం విచిత్రంగా ఉంది. ముసలమ్మలు చీకట్లో నడిచి వెళ్లడం కష్టమవుతోందని వాళ్లే ఎప్పటినుంచో అనుకుంటున్నారట, ఎవరూ ధైర్యం చేసి చెప్పలేదు.

నిన్న సాయంత్రం పుల్పిట్ మీద బైబిల్ పక్కన మీటర్ పెట్టుకున్నారు. నేను అడగలేదు. ఆరున్నరకి పాట నడుస్తుండగా గుచ్చుకుని చూసుకున్నారు, 118. పెద్దగా చదివి వినిపించారు. ఎవరో "ఆమెన్" అన్నారు. అందరూ నవ్వారు. కూటం అయ్యాక ముగ్గురు ఆడవాళ్లు, ఒక మేస్త్రీ "మాకూ చూస్తారా అయ్యగారూ" అని వరసలో నిలబడ్డారు. మేస్త్రీకి 312.

అమ్మ గురించి మాత్రం నాకు టెన్షన్‌గా ఉంది. ఇన్నేళ్లూ ఆయన్ని చూసుకోవడంలో తను ఎప్పుడూ పరీక్షలు చేయించుకోలేదు. ఆదివారం తర్వాత తీసుకెళ్తాను.

నర్సక్కా, మీటర్‌లో పెట్టే స్ట్రిప్పులు యాభై తెచ్చాను, ఈ లెక్కన వారం కూడా రావు. తక్కువలో ఎక్కడ దొరుకుతాయి?

నర్సక్క_గుంటూరు | శుక్రవారం రాత్రి 10:11

జనరిక్ షాపులో అడుగు, యాభై కాదు వంద డబ్బా తీసుకో. డబ్బా మూత తీసి ఉంచకండి, తేమకి పాడవుతాయి. అందరికీ ఒకే సూది వాడకండి, మనిషికొకటి, ఇది మర్చిపోవద్దు. మేస్త్రీని రేపే, పరగడుపునే పంపించు.

మందిరం_వెనకిల్లు | శుక్రవారం రాత్రి 10:40

అమ్మగారి నంబరు ఇస్తావా బాబూ? ఊరికే, మాట్లాడుకోవడానికి.